దుమ్ము పట్టని అరచెయ్యి

"మూడు రోజులు ఆవిడకి ఊరు చూపించు," అన్నాడు చీఫ్.

పిడుగు తన చెవులను తానే నమ్మలేకపోయాడు. పిడుగు అనేది డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్‌నేమ్. పరుగెత్తే రైలు మీద నుంచి దూకినవాడు, ఇద్దరు విదేశీ ఏజెంట్లను ఒంటిచేత్తో పట్టుకొచ్చినవాడు. అలాంటివాడికి పురమాయించే పనేనా ఇది?

"సార్, నేను ఏజెంట్‌ని. టూరిస్ట్ గైడ్‌ని కాను."

"గైడ్ వేరే ఉంది. నువ్వు అల్లుడివి."

చీఫ్ ఒక ఫోటోను బల్ల మీదుగా తోశాడు. అరవై దాటిన ఆడమనిషి, మందపాటి కళ్ళద్దాలు.

"శత్రుదేశపు కోడ్ రూమ్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. మన నగరంలో వాళ్ళ ముఠా మనుషుల పేర్లన్నీ ఆవిడ తలలోనే ఉన్నాయి, కాగితం మీద ఒక్కటీ లేదు. టూరిస్టుగా వచ్చింది, మన వైపుకి వచ్చేస్తానంటోంది. ఆవిడ పోతే ఆ పేర్లూ పోతాయి."

"అయితే ఇవాళే విమానం ఎక్కించేద్దాం సార్."

"షరతు పెట్టిందయ్యా. నది కింద సొరంగం తవ్వుతూ వాళ్ళ నాన్న చనిపోయాడు. అక్కడి స్మారకంలో ఆయన అరచేతి ముద్ర ఉంది. దాని మీద చెయ్యి ఆనించేదాకా నోరు విప్పదట. స్మారకం రిపేర్లలో ఉంది, ఎల్లుండి సాయంత్రం గానీ తెరవరు."

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"నాకు, నీకు, మందారానికి."

మందారం మన ఏజెంటే. రెండేళ్ళుగా సిటీ టూర్ బస్సులో గైడ్ వేషంలో ఉంది. ఎర్ర కోటు, తెల్ల గ్లవ్స్, చూసినవాడు చూస్తుండగానే స్టాపు దాటిపోయే అందం.

హోటల్ లాబీలో పిడుగు కోడ్ మాట అన్నాడు. "ఈ ఊళ్ళో గడియారాలు సరిగ్గా నడుస్తాయాండీ?"

"గడియారాలు నడుస్తాయి, నా కాళ్ళే నడవవు," అని జవాబిచ్చింది కళ్ళద్దాల ఆవిడ. కోడ్ సరిపోయింది. ఆ వెంటనే బ్యాగు అతని చేతిలో పెట్టేసింది. "పట్టుకోండి అల్లుడుగారూ."

ఆ క్షణం నుంచి పిడుగు తల ప్రాణం తోకకొచ్చింది. మ్యూజియం, గడియార స్తంభం, పడవ, మళ్ళీ మ్యూజియం. ఆవిడ అత్తగారి వేషం ఎంత బాగా కట్టిందంటే, నిజం అత్తగారికి కూడా అంత చేతకాదు. "అల్లుడుగారూ, గొడుగు ఇటు పట్టండి. అల్లుడుగారూ, ఈ ఫోటోలో కళ్ళు మూసుకున్నాను, ఇంకోటి తియ్యండి." ఆ కెమెరాలో కుడివైపు బటన్ నొక్కితే మత్తు సూది దూసుకొస్తుందని ఈవిడకి ఎవరు చెప్పాలి? ఒక్కో ఫోటోకీ అతనికి చెమటలు పట్టేవి.

"అత్తయ్యగారూ, ముఠా మనుషులు మన వెనకే ఉండొచ్చు. రూమ్‌లో కూర్చోవచ్చుగా?"

"టూరిస్టు రూమ్‌లో కూర్చుంటే అనుమానం రాదా? ముప్ఫై ఏళ్ళు ఇలాంటి అనుమానాల రిపోర్టులే చదివాను నాయనా."

మాట నిజమే, అందుకే ఒళ్ళు ఇంకా మండింది. కక్కలేక మింగలేక ఆమె వెంట తిరిగాడు.

మూడో రోజు సాయంత్రం బస్సు స్మారకం దగ్గర ఆగింది. గేటులో కాపలాదారు చెయ్యి చాచాడు. "కెమెరాలు, పెన్నులు, గొడుగులు లోపలికి తీసుకెళ్ళకూడదు. లాకర్‌లో పెట్టండి."

గోరుచుట్టు మీద రోకటిపోటు. కెమెరాలో సూది ఉంది, పెన్నులో తూటా ఉంది, గొడుగులో కత్తి ఉంది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఆయుధాలన్నీ లాకర్‌లో పెట్టి, పిడుగు ఒట్టి చేతులతో లోపలికి నడిచాడు.

లోపల పొడవాటి సొరంగం, చల్లగా ఉంది. ఒకవైపు గోడ నిండా మేకులు, మేకులకు మట్టి పలకలు, ప్రతి పలక మీదా ఒక అరచేతి అచ్చు. కాపలాదారు అందరికీ చెప్పాడు. పనిలో చేరినప్పుడు ప్రతి కూలీ పచ్చి మట్టిలో చెయ్యి నొక్కేవాడు. దాన్ని కాల్చి అతనికే ఇచ్చేవాళ్ళు. లోపలికి వెళ్ళేటప్పుడు పలకను మేకుకు తగిలించాలి, బయటికి వచ్చేటప్పుడు తీసుకోవాలి. గోడ మీద పలక మిగిలితే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. నది విరుచుకుపడిన రోజు మిగిలిన పలకలు ఇవే.

"ఎవరూ ముట్టుకోకండి. ఆ హక్కు సొంతవాళ్ళకే. మేము కూడా దుమ్ము దులపం," అన్నాడు కాపలాదారు.

అందుకే కొన్ని చేతులు వెన్న రాసినట్టు మెరుస్తున్నాయి. ఎవరూ రానివి బూడిదరంగు దుమ్ములో ఉన్నాయి. ఒక ముసలావిడ ఒక పలకను నిమురుతూ, పక్కనే ఉన్న పిడుగును చూసి, "మా తమ్ముడు," అంది, పరిచయం చేస్తున్నట్టుగా. పిడుగు తడబడుతూ పలకకు నమస్కారం పెట్టాడు. ముఠాను పట్టుకోవడం నేర్పారు కానీ ఇలాంటివి ఎవరూ నేర్పలేదు.

"ఇదే ఆంటీ, మీ నాన్నగారిది. గైడ్‌నని రిపేర్ వాళ్ళకి చెప్పి, ఉదయమే లోపలికి వచ్చి వెతికి పెట్టాను," అంది మందారం మెల్లగా. "ఆ ఉన్ని గ్లవ్ తీసెయ్యండి. మట్టి చల్లదనం తెలియాలి కదా."

అత్తయ్య గ్లవ్ తీసింది. పలక మీది అక్షరాలు చదువుకుంది.

"చూశారా అల్లుడుగారూ, మెరుస్తోంది. నాన్నని ఎవరో గుర్తుపెట్టుకున్నారు. ఇన్నేళ్ళూ ఎవరో వస్తూనే ఉన్నారు."

ఆమె చెయ్యి గోడ వైపు లేచింది.

ఎవరొస్తారు? ఆరేళ్ళప్పుడు ఈవిడను తీసుకుని తల్లి సరిహద్దు దాటిపోయిందని ఫైల్లో ఉంది. ఆయనకు ఈ దేశంలో ఇంకెవరూ లేరు. అటు పక్క పలక దుమ్ములో ఉంది, ఇటు పక్కదీ దుమ్ములోనే ఉంది. మధ్యలో ఇదొక్కటే మెరవడమేమిటి?

పిడుగు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మట్టికీ ఆమె వేళ్ళకూ మధ్య బియ్యపు గింజంత సందుంది.

"వదలండి," అంది అత్తయ్య. మూడు రోజుల్లో అలాంటి గొంతు అతను వినలేదు.

"క్షమించండి అత్తయ్యగారూ. మందారం, నువ్వు ముందు ముట్టుకో."

"నేనా? సొంతవాళ్ళే ముట్టుకోవాలి కదా," అని నవ్వింది మందారం. "రిపేర్ వాళ్ళు తుడిచి ఉంటారులే."

"ఈ ఒక్కటేనా? గ్లవ్ తీసి చెయ్యి పెట్టు. తప్పు నాదైతే చీఫ్ ముందు చెంపలేసుకుంటాను."

నవ్వు ఆగిపోయింది. మందారం చెయ్యి కోటులోకి వెళ్ళి పౌడర్ డబ్బాతో బయటికొచ్చింది. దానికి అద్దం ఉండాల్సిన చోట సన్నటి గొట్టం ఉంది. పిడుగు ముందుకు ఉరికాడు కానీ, అతనికంటే ముందు అత్తయ్య కాలు అడ్డం పెట్టింది. ఎర్ర కోటు బోర్లా పడింది. గొట్టంలోంచి దూసుకొచ్చిన సూది సొరంగం పైకప్పులో గుచ్చుకుంది. పిడుగు మందారం చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

"రెండేళ్ళు మన జీతం, వాళ్ళ పని," అన్నాడు పళ్ళు నూరుతూ.

ల్యాబ్ మనుషులు మాస్కులతో వచ్చారు. పలక మీద రంగులేని జెల్ ఉందని, ఒట్టి చెయ్యి తగిలితే నిమిషంలో గుండె ఆగిపోయేదని చెప్పారు. అత్తయ్య బెంచీ మీద కూర్చుని ఉంది.

"అయితే ఎవరూ రాలేదన్నమాట," అంది.

పిడుగు ఆమె ప్రాణం కాపాడాడు, నిజమే. కానీ ఇప్పుడే దొరికిన సంతోషాన్ని ఆమె చేతిలోంచి లాగేసుకున్నవాడూ అతనే. చచ్చేంత కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ఫోన్ మోగింది. చీఫ్. "విమానం రెడీగా ఉంది. ఆవిణ్ణి వెంటనే తీసుకురా."

"పలక కడుగుతున్నారు సార్. ఆరాక వస్తాం."

"నీకేమైనా పిచ్చా? ముఠా మొత్తం పారిపోతుంది."

"ముందు ఆరనివ్వండి సార్," అని పిడుగు ఫోన్ పెట్టేశాడు. ఉద్యోగంలో చేరాక చీఫ్ ఫోన్ మధ్యలో పెట్టెయ్యడం అదే మొదలు.

ల్యాబ్ మనిషి తల ఊపాడు. అత్తయ్య లేచి వెళ్ళి, అరచేతిని ఆ అచ్చులో ఆనించింది. చాలాసేపు కదల్లేదు.

"పెద్ద చెయ్యి అనుకునేదాన్ని," అంది చివరికి. "నా వేళ్ళే పొడుగ్గా ఉన్నాయి. పాపం, అప్పటికి కుర్రాడు కదూ."

తర్వాత పిడుగు చెవిలో ఒక పేరు చెప్పింది. ఫోన్ మళ్ళీ మోగింది.

"ఏమైనా చెప్పిందా?"

"ఒక పేరు చెప్పింది సార్."

అవతల పెన్ను మూత తీసిన చప్పుడు. పిడుగు పేరు చెప్పాడు. చీఫ్ రాసుకున్నాడు.

"ముఠాలో వీడి పనేమిటి?"

"ముఠా కాదు సార్. వాళ్ళ నాన్న."

అవతల పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడు.

"సరేలే, రాసేశాను, ఇక కొట్టెయ్యను," అన్నాడు. "రెండోది అడుగు."