బోర్డు మీద రాసిన వాన

"ఏమప్పా, వాన పడ్తాదని రాసినావే, యాడ పడింది?"

ఈరప్ప కూతురు మంజుల కంప్యూటర్ సెంటర్ గుమ్మంలో నిలబడి నిలదీసింది. నేను మౌస్ కదిలిస్తూ తల దించుకున్నాను.

2002లో సోమందేపల్లి దగ్గర మా పల్లెలో ఒక సంస్థ ఆ సెంటర్ పెట్టింది. ఆపరేటర్‌ని నేనే, నాగేంద్ర. మెయిల్‌లో వచ్చే వాతావరణ కబురు రోజూ బయట బోర్డు మీద రాయాలి. చదువురాని నాయన కోసం మంజుల వచ్చి చదువుకుని పోయేది. పది రోజులు 'వాన లేదు' అనే రాశాను. పది రోజులూ ఆ పిల్ల మొహం వేలాడేసుకుని వెళ్ళింది. పదకొండో రోజు 'జిల్లాలో అక్కడక్కడా జల్లులు' అని మెయిల్ వచ్చింది. నేను 'రేపు మన ఊర్లో మంచి వాన' అని రాసేశాను. మంజుల నవ్వింది. సాయంత్రం దాకా ఈల వేసుకుంటూ తిరిగాను. నాకంటే దద్దమ్మ ఇంకొకడు ఉంటాడా!

కంప్యూటరే చెప్పిందని ఈరప్ప పొడినేలలోనే శెనక్కాయ విత్తనం వేసేశాడు. చినుకు రాలలేదు. విత్తనమంతా చీమలపాలైంది. మళ్ళీ విత్తే దారిలేక ఇంటిల్లిపాదీ బెంగళూరు కూలికి బయలుదేరారు.

పెనుకొండ స్టేషన్‌కి పరుగెత్తాను. మంజుల మూటల దగ్గర ఒక్కతే ఉంది.

"కంప్యూటర్ అట్ల చెప్పలేదు మంజులా. నువ్వు నవ్వుతావని నేనే రాసినా. నువ్వంటే నాకు ప్రాణం."

ఆమె కళ్ళ నిండా నీళ్ళు. "నాకెందుకు చెప్తాండావు? మా నాయనకు చెప్పుపో."

చెప్పాను. ఈరప్ప టికెట్లు జేబులో పెట్టుకుంటూ అన్నాడు:

"ఇన్నాళ్ళూ ఆ మిషన్ను తిడ్తాంటినబ్బా. ఊర్లో మిగిలినోళ్ళ కోసమన్నా నిజం రాయి."

చెంప పగలగొట్టినా బాగుండేది.

రైలు కదులుతుంటే మంజుల కిటికీలోంచి ఒక చీటీ ఇచ్చింది. బెంగళూరులో వాళ్ళకు పనిచ్చే మేస్త్రీ అడ్రసు, ఫోన్ నంబరు.

"వాన పడితే చెప్పు, వస్తాం. పడినాకనే చెప్పు."

ఆగస్టు పోయింది. సెప్టెంబరూ పోయింది. బోర్డు మీద ఉన్నదున్నట్టే రాస్తూ వచ్చాను. ఆ నంబరుకి మాత్రం ఒక్కసారీ ఫోన్ చేయలేకపోయాను. అక్టోబరులో ఇక ఉండబట్టలేక బెంగళూరు బస్సెక్కాను.

కట్టడం దగ్గర మంజుల ఇసుక మోస్తోంది. నన్ను చూసి ఆగిపోయింది.

"వాన పడిందా?"

"పడలేదు మంజులా."

"ఇది చెప్పేకి ఇంత దూరం వచ్చినావా?" అంటూ తట్ట దించి, నా పక్కన కూర్చుంది.