పూజలో ఉన్న కంప్యూటర్

“ఆ బటన్ మీద సెయ్యి పడిందంటే మర్యాద దక్కదు లాయరు గారూ!”

కామేష్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. టెక్కలి కోర్టులో నల్లకోటు తొడిగి ఏడాది తిరగలేదు పాపం. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇంతింత కళ్ళుంటాయని సీనియర్ గారు ఒక్క ముక్కైనా చెప్పలేదు.

ఆ కళ్ళు కంప్యూటర్ ఆపరేటర్ సుచిత్రవి. ఆమె వెనక బల్ల మీద కంప్యూటరు బంతిపూల దండలేసుకుని, నుదుట కుంకుమతో పెళ్ళికూతురిలా కూర్చుంది. ఆ రోజు విశ్వకర్మ పూజ మరి! పూజ చేసిన యంత్రాన్ని సాయంత్రం హారతి అయితేగాని ఎవరూ కదపరు.

విషయమేమిటంటే, పప్పు తేమ పట్టిందని తెలిసే తనకి అంటగట్టారని ఒక విశాఖ వ్యాపారి దావా వేశాడు. తెలుసనడానికి రుజువు ఆ కంప్యూటర్‌లోని మెయిళ్ళే. వాటిని సీడీలోకి కాపీ చేయించమని కోర్టు ఒక కమిషనర్‌ని పంపింది. వ్యాపారి తరఫున వచ్చినవాడు కామేష్. చేతికొచ్చిన మొదటి పెద్ద కేసు. మెయిళ్ళు పోతే కేసూ పోయినట్టే.

“ఇది కోర్టు ఆర్డరండీ!”

“ఇది దేవుడి పూజండీ. ఏది పెద్దదో మీరే తేల్సండి.”

కామేష్ దిక్కుతోచక కమిషనర్ నారాయణమూర్తి గారి వైపు చూశాడు. ఆయన అప్పటికే చెప్పులు విడిచి కంప్యూటర్‌కి దణ్ణం పెట్టుకుంటున్నారు.

“సాయంత్రం దాకా ఆగుదాం నాయనా. పులిహోర కూడా ఉన్నట్టుంది.”

“ఈలోపు మెయిళ్ళన్నీ మాయం చెయ్యడానికేగా ఈ నాటకం?” కామేష్ నోరు జారాడు.

సుచిత్ర మొహం ఎర్రబడింది. “అంత అనుమానమైతే ఇక్కడే కూకోండి. కాపలా కాయండి.”

కూర్చున్నాడు. బయట వాన పట్టుకుంది. మధ్యాహ్నం ఆమె పులిహోర ఆకు తెచ్చి ముందు పెట్టింది.

“కాపలా కుక్కకైనా అన్నం ఎడతారు. తినండి.”

తిన్నాడు. తిట్టు కూడా తియ్యగా ఉంది, అదేం మాయరోగమో!

ఓనరు త్రినాథరావు పక్కగదిలోంచి మాటిమాటికీ వచ్చి కంప్యూటర్ వైపు చెయ్యి చాపడం, కుంకుమ చూసి లెంపలేసుకోవడం. “ఏటమ్మా, నేనొచ్చీదాకా ఆగలేకపోయావా?” అని సుచిత్ర మీద విసుక్కోవడం. కామేష్‌కి ఏమీ అర్థం కాలేదు.

హారతయ్యింది. సుచిత్రే స్విచ్ వేసింది. మెయిళ్ళు ఒక్కటీ పోలేదు! కాపీ పూర్తవగానే ఓనరు ఆమెని రేపట్నుంచి పనిలోకి రావద్దన్నాడు. అప్పటికి వెలిగింది మనవాడికి. వరండాలోకి పరిగెత్తాడు.

“ఆయన మెయిళ్ళు తీసెయ్యమన్నారు కదూ?”

“పొద్దున్నే ఫోన్ సేసేరు. ఆయనొచ్చీలోపు పూలేసి బొట్టెట్టీసేను. ఆయనకి కోర్టంటే లెక్క లేదు గానీ దేవుడంటే సచ్చేంత బయ్యం. పొద్దున్నే మిమ్మల్ని ముట్టుకోనిత్తే ఆయనా ఆగరు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఆయన పక్కగదిలోనే ఉన్నారు కదా. అయినా మీరు అడిగేరేటి? దొంగనన్నారు.”

కామేష్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. “క్షమించండి. రేపే మా సీనియర్ గారి ఆఫీసులో చేరిపోండి.”

“బాగుంది! అవతల పార్టీ లాయరు జీతమిత్తే కోర్టులో నా సాక్ష్యం ఎవరు నమ్ముతారు? కేసు తేలీదాకా మీరు నాతో మాటాడకూడదు కూడాను.”

“సివిల్ కేసండీ! మనవలు పుట్టేసరికిగాని తేలదు!”

“ఎవరి మనవలు?”

“మన మనవలే. మాట్లాడకుండా పెళ్ళెలా అవుతుందండీ?”

అనేశాకగాని తనేమన్నాడో తెలియలేదు. సుచిత్ర నోరు తెరిచి చూస్తోంది. ఇక వెనక్కి తగ్గి లాభం లేదు.

“కేసు సీనియర్ గారు గెలుస్తారు. నేను రేపే తప్పుకుంటాను. నాకు మీరు కావాలి.”

“మొదటి పెద్ద కేసు వదులుకుంటారా! పిచ్చేటి మీకు?”

“పొద్దుట్నుంచీ పిచ్చే.”

సుచిత్ర పకపకా నవ్వింది. గొడుగు విప్పి వానలోకి దిగి, వెనక్కి తిరిగింది.

“అయితే ముందు తప్పుకుని రా. మా నాన్నకి నేను సెప్తాను.”