తెప్పల మీది చిల్లు

కొలతచెయ్యి యాంటెన్నా ముఖానికి జానెడు దూరంలో ఎడమ నుంచి కుడికి జరిగింది, ఒక మెట్టు దిగింది, మళ్ళీ కుడి నుంచి ఎడమకు జరిగింది. మౌనగది గోడల నిండా నల్లటి స్పాంజి శంకువులు. లోపల దగ్గితే ఆ దగ్గు కూడా తిరిగి రాదు. అద్దానికి ఇవతల కూర్చున్న మంగతాయారు తెర మీద ఒక్కో చుక్క పడడం చూస్తోంది. ఒక్కో చుక్కలో తరంగం బలం, దాని దశ, అంటే అల ఆ క్షణాన ఎత్తులో ఉందో పల్లంలో ఉందో. నడుము పడిపోయే పనే, అయినా ఆమెకు ఇష్టం.

గమ్మత్తంతా అక్కడే ఉంది. ఈ యాంటెన్నా కిలోమీటర్ల అవతలికి మాట్లాడాలి. గది చూస్తే పెళ్ళిపందిరంత కూడా లేదు. అందుకే దాని మాటను నోటి దగ్గరే పట్టుకుని, దూరాన ఎలా వినిపిస్తుందో లెక్కకట్టాలి. ఇవాళ కొలుస్తున్నది పోటుగొడుగును. గట్టు మీది స్తంభానికి ఎక్కాక, సముద్రం లేచిన రోజున చుట్టుపక్కల ప్రతి మనిషి మణికట్టుకుండే చేతిగంటనూ అది మోగించాలి. తీరంలో సగం నీళ్ళపాలయ్యాక మిగిలినవాళ్ళకు అదొక్కటే దిక్కు.

తలుపు తోసుకుని చిట్టబ్బాయి తొంగి చూశాడు. స్తంభాలెక్కే ముఠాకు అతనే మేస్త్రి. ఉండేది తెప్పల్లో, అంటే సముద్రం వైపు పీపాల మీద కట్టిన ఊళ్ళో.

"అయిందాండీ మేడంగారూ? పడవ రేవులో పెట్టొచ్చానండి."

"కాసేపు ఆగు చిట్టబ్బాయ్. చివరి వరస ఉంది."

"ఆగుతానండి. మా బుడ్డది రోజూ పేణం తీసేత్తందండి, మన గంటెప్పుడు మోగుద్ది నాన్నా అని." నవ్వుకుంటూ టీ బడ్డీ వైపు వెళ్ళాడు.

చివరి వరస పూర్తయింది. తెర మీద దూరరూపం విచ్చుకుంది. గుండ్రంగా రావాల్సిన దాంట్లో ఒకచోట కోత పడింది. కేబులు మెలిపడి ఉంటుందని మంగతాయారు విసుక్కుంది. విప్పి బిగించి, కొలతచేతి మొన మార్చి, మళ్ళీ కొలిచింది. కోత కదల్లేదు. ముఖం మీది చిన్న పలకల్లో ఏదో ఒకటి చచ్చి ఉంటుందని లెక్కను వెనక్కి తిప్పి యాంటెన్నా ముఖాన్ని చూసింది. ఒక్కటీ చావలేదు, అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. ఆ ఒక్క దిక్కున మాత్రం ఒకదాని గొంతు ఒకటి నొక్కేసేలా దశలను సర్దారు. చెడిపోయిన యాంటెన్నాకైతే చిరుగు పడుతుంది. ఇది కత్తెర పెట్టి కత్తిరించినట్టుంది.

ఆ రూపాన్ని పటం మీద పెట్టింది. చిల్లు సరిగ్గా తెప్పల మీద, ఈ చివర నుంచి ఆ చివరి దాకా పడింది.

"చూసేశావా," అన్న మాట వెనక నుంచి వినిపించింది. పరీక్షాలయం అధిపతి పేర్రాజు గారు. ఆమెకు ఈ విద్య నేర్పిన మనిషి. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. అది చూసి ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది.

"మీకు ముందే తెలుసాండీ?"

"మండలివాళ్ళ లెక్కల యంత్రం, ఆ సమతౌలి కట్టిన లెక్కమ్మా అది. పోటొస్తే ఎక్కడానికి గట్టు ఒకటే. తెప్పలవాళ్ళు కూడా ఒక్కసారే వచ్చిపడితే దారి మూసుకుపోతుంది. వాళ్ళకి వినపడకపోతే మొత్తం మీద ఎక్కువమంది బతుకుతారు."

"వినపడకపోతే వాళ్ళేవైపోతారండీ?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఒప్పుకున్నదెవరండీ దీనికి?"

"నేనే. ఎవరో ఒకరు ఒప్పుకోవాలి కదమ్మా. దశలకి తాళం వేసేశారు. మార్చడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. ఉత్తరగీత గీసి పంపించెయ్." అలా అని తన గదిలోకి వెళ్ళిపోయారు.

మంగతాయారుకు కోపం రావడానికి కూడా కాస్త సమయం పట్టింది. ఇన్నేళ్ళూ దేవుడిలా చూసుకున్న మనిషి ఈయనేనా అనిపించింది. బయట చిట్టబ్బాయి ఎవరితోనో పరాచికాలాడుతున్నాడు. ఈ చిల్లును తనే మోసుకెళ్ళి, తన పిల్ల నెత్తి మీద తన చేతులతోనే బిగించబోతున్నాడు.

ప్రతి యాంటెన్నా మెడ మీదా కొలిచినవాళ్ళే ఉత్తరదిక్కు ఎటో చెప్పే ఉత్తరగీత గీస్తారు. ముఠావాళ్ళు దాన్ని స్తంభం మీది గీతకు కలిపి బోల్టులు వేస్తారు. దశలకు తాళం ఉంది కానీ గీతకు లేదు. గీతను పక్కకు గీస్తే యాంటెన్నా మొత్తం తిరుగుతుంది; చిల్లును ఆమె పూడ్చలేకపోయినా జరపగలదు. ఎటు జరిపినా ఎవరో ఒకరి మీద పడి తీరుతుంది. పటం మీద ఆమె వేలు చేపలరేవు దగ్గర ఆగింది, బడి దగ్గర ఆగింది, రెండు చోట్లా నిలవలేకపోయింది. చివరికి అధికారుల కాలనీ మీదికి వచ్చింది. సమతౌలి మండలివాళ్ళ ఇళ్ళూ, పేర్రాజు గారి ఇల్లూ, మూడో వీధిలో తన ఇల్లూ అక్కడే. ఇంట్లో ఈపాటికి కూతురు మధ్యాహ్నం నిద్రలో ఉంటుంది. ఆమెకు చచ్చేంత భయం వేసింది. అయినా సూది పట్టుకుని గీత గీసేసింది.

సాయంత్రానికి యాంటెన్నా స్తంభమెక్కింది. చిట్టబ్బాయి పైనుంచే పరీక్షమీట నొక్కాడు. గట్టు పొడవునా చేతిగంటలు మోగాయి. వాటితో పాటే సముద్రం వైపు నుంచి కూడా మోత వచ్చింది, పిల్లల కేకలతో కలిసి.

పరీక్షాలయంలో పేర్రాజు గారు గబుక్కున కిటికీ దగ్గరికి వచ్చారు. అంతలో బల్ల మీది తీగఫోను మోగింది. అవతల ఆయన భార్య. "పరీక్షన్నారు, మన వీధిలో ఒక్కటీ మోగలేదేవిటండీ?"

ఫోను పెట్టేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏం చేశావమ్మా?" అన్నారు మంగతాయారు వైపు తిరిగి.

"జరిపానండీ. ఇప్పుడది మన కాలనీ మీదుంది. మా పిల్ల కూడా దాని కిందే ఉంది."

"మతిగాని పోయిందా నీకు? తాళం తియ్యాలంటే మండలి అంతా కూర్చోవాలి! ముందు దాన్ని తిప్పించు!"

"తిప్పిద్దాం. చిట్టబ్బాయి ఇంకా పైనే ఉన్నాడు." స్తంభంతో మాట్లాడే పెట్టెను ఆయన చేతిలో పెట్టింది. "ఎటు తిప్పాలో, ఎందుకు తిప్పాలో, మీరే చెప్పండి."

పెట్టెలోంచి చిట్టబ్బాయి గొంతు గాలికి తూలుతూ వచ్చింది. "ఇన్నారాండీ సారూ? మా తెప్పలు మోగాయండీ! బోల్టులు బిగించెయ్యమంటారా?"

పేర్రాజు గారు కిటికీలోంచి తెప్పల వైపు చూసి, పెట్టెను నోటి దగ్గరికి తెచ్చుకున్నారు.

"బిగించెయ్," అన్నారు చివరికి.

తర్వాత తీగఫోను దగ్గరికి లాక్కుని మండలి నంబరు తిప్పారు. అవతల ఎవరో ఎత్తారు.

"తాళం తియ్యాలండీ," అన్నారాయన. "కాదు, రేపు కుదరదు. ఇప్పుడే రావాలి, అందరూ."