పిన్ని పొట్టలో నిశ్శబ్దం

ఇలా దగ్గరికి జరగండి, ఇది గట్టిగా చెప్పుకునే కథ కాదు.

ఆ గూఢచారిని డిపార్ట్‌మెంట్‌లో నత్త అనేవారు. కొంప అంటుకున్నా పరుగెత్తడని ఆ పేరు. ఆ ఉదయం చీఫ్ అతన్ని పిలిచి, తలుపు గడియ వేసి, బల్ల మీద స్టెతస్కోప్ పెట్టాడు.

"మన పేగు గోడలో నరాల కణాలు కోట్లున్నాయి. తలకాయ ఆర్డర్ కోసం కూర్చోవు. ఒకటి చిటికెడు రసాయనం వదుల్తుంది, పక్కది అందుకుంటుంది. వెనక బిగించు, ముందు వదులు. అదీ వాటి కోడ్. తిన్నది అలాగే ముందుకు పోతుంది."

"మనకన్నా నయం సార్. మనకి మూడు సంతకాలు కావాలి."

"నవ్వకు. ఆ కణాల మాటలు ఆపేసే విషం శత్రువుల చేతికొచ్చింది. రంగు లేదు, రుచి లేదు. గంటలో పేగు మూగబోతుంది, మూడు రోజుల్లో మనిషి పోతాడు. విరుగుడు లేదు. ఇవాళ ఒంటిగంటకి, సంధి మాటలకొచ్చిన పన్నెండుమంది భోజనంలో కలుపుతారు. రుజువు లేకుండా విందు ఆపితే సంధే పోతుంది."

"దేంట్లో?"

"పళ్లరసంలో. ఎర్ర గొడుగు కబురు పంపింది."

ఎర్ర గొడుగు రెండు వైపులా పనిచేసే అందగత్తె. ఆమె నవ్విందంటే కాపలావాళ్లు పాసు అడగడం మరిచిపోయేవారు.

నత్త తిండి తనిఖీకొచ్చిన డాక్టరులా కోటు తొడుక్కుని, ఆ స్టెతస్కోప్ మెడలో వేసుకుని విందు వంటగదికి వెళ్లాడు. అక్కడ వంటమనిషి అతని సొంత పిన్ని. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఆ గదిలో నమ్మకమైన కన్ను ఒకటి ఉండాలని ఆర్నెల్ల కిందట ఆవిడను చేర్చిందీ అతనే. పళ్లరసమంతా తూములో పారబోయించాడు. గడియారం పన్నెండూ యాభై చూపిస్తోంది. గండం గడిచిందనుకున్నాడు.

"వేషం ఎలాగూ కట్టావు, నా పొట్ట కూడా చూడరా," అంది పిన్ని. "ఇందాకట్నుంచి రాయి మింగినట్టుంది."

నవ్వుతూ గొట్టం ఆనించాడు. పొట్టన్నాక గుడగుడలాడాలి. ఇటు పెట్టాడు, అటు పెట్టాడు. తాళం వేసిన ఇల్లులా ఉంది.

"పళ్లరసం తాగావా, పిన్నీ?"

"పులుపు నాకు పడదని తెలీదూ? పదకొండింటికి సూప్ ఒక గరిటెడు తాగాను. రుచి చూడకుండా ఏనాడన్నా పంపానా?"

సూప్ బండి అప్పటికే విందు గదికి వెళ్లిపోయింది.

నత్త పరుగెత్తాడు. మొదటి చెంచా పెదవికి తగలబోతుండగా బల్లగుడ్డ పట్టి లాగేశాడు. ఒకాయన చేతిలో చెంచా మిగిలితే దాన్నీ తట్టేశాడు. కిటికీలోంచి చూస్తే, తప్పుడు కబురు పంపిన ఎర్ర గొడుగు గేటు దాటుతోంది, వాన లేకపోయినా గొడుగు వేసుకుని.

తిరిగొచ్చేసరికి పిన్ని పీట మీద కూర్చుని ఉంది. అతని మొహం చూడగానే ఆవిడకు అర్థమైంది.

"ఎన్నాళ్లురా?"

"ఏం లేదు పిన్నీ, తగ్గిపోతుంది."

"అబద్ధమాడ్డం నీకు చిన్నప్పట్నుంచీ రాదు. గూఢచారివెలా అయ్యావో. అన్నం తిన్నావా?"

నత్త ఆవిడ పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. చీకటి పడేదాకా ఆ గొట్టం ఆవిడ పొట్ట మీదే పెట్టుకుని విన్నాడు. ఒక్క కణమూ పక్కదాన్ని పలకరించలేదు.

రిపోర్టులో చీఫ్ ఒకే ఒక్క వాక్యం రాశాడు: "కుట్ర భగ్నం, నష్టం ఒక గిన్నెడు సూప్."

మీరు గుర్తుపెట్టుకుని మీ వాళ్లకు చెప్పేటప్పుడు మాత్రం అలా చెప్పకండి. గిన్నెకు గరిటెడు తక్కువని చెప్పండి. ఆ గరిటెడు ఎవరు తాగారో కూడా చెప్పండి.