నలభై అక్షరాల తాళం

కాఫీ కప్పు కింద పెట్టకముందే ఆసుపత్రి ఆక్సిజన్ ఇంజనీర్ హెయిక్కి కుప్పకూలాడు. ప్రాణం పోతూ నర్సు దీనమ్మ చెవిలో ఒకే ఒక్క మాట చెప్పాడు. వాళ్ళ లిపిలో నలభై అక్షరాలుండే ఫిన్నిష్ మాట!

కాసేపటికి సౌదీలో, ధహ్రాన్‌లోని ఆ ఆసుపత్రిలోకి అంబులెన్స్ డ్రైవర్ వేషంలో మన సీక్రెట్ ఏజెంట్ ఖాదర్ మొహిద్దీన్ పరిగెత్తాడు. కరీంనగర్ మనిషి. ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది.

"విదేశీ ముఠా ఆక్సిజన్ కంట్రోల్ హ్యాక్ చేసింది. నాలుగు నిమిషాల్లో సప్లై కట్. హెయిక్కి పెట్టిన వాయిస్ లాక్‌కి సరైన మాట చెప్పడమొక్కటే దారి. మూడే చాన్సులు."

"వెంటిలేటర్ల మీద ఎంతమంది?"

"పద్నాలుగు."

కంట్రోల్ రూమ్‌లో దీనమ్మ అరచెయ్యి చాపింది. విన్నమాట అందులో తెలుగులో రాసుకుంది. 'సౌనవస్తాకొయివికొన్వర్తియనపులైసొప్పిలస్'. కొండవీటి చాంతాడే నయం.

"నర్స్ తప్పు విన్నది," అంది పక్కనే ఉన్న క్రిస్టీనా. పట్టు అబాయా, ఎర్రటి పెదవులు. హెయిక్కి సెక్రటరీ, మనకు రహస్యాలు అందించే మనిషి. "అందులో 'వస్తా' అని రాసింది ఆవిరిస్నానంలో ఒంటికి కొట్టుకునే కొమ్మల కట్ట. దాన్ని మేం 'విహ్త' అంటాం."

మైకులో అలా మార్చి ఆమే చెప్పింది. ఎర్ర లైటు. ఒక చాన్సు పోయింది.

"చీఫ్! హెయిక్కిది ఏ ప్రాంతం?"

"తూర్పు ఫిన్లాండ్. విహ్త పడమటివాళ్ళ మాటని ఫైల్లో ఉంది!"

క్రిస్టీనా చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. ఖాదర్ ఆమె మణికట్టు మెలిపెట్టాడు. లిప్‌స్టిక్ పిస్తోలు కిందపడింది. ఆమెకు బేడీ వేసి పైపుకి తగిలించాడు.

దీనమ్మ రాసింది రాసినట్టు మైకులో చదివింది. మళ్ళీ ఎర్ర లైటు.

క్రిస్టీనా పగలబడి నవ్వింది. "మా భాషలో ఒక్క దీర్ఘం పెరిగినా మాట చచ్చినట్టే!"

ఇంకా నలభై సెకన్లే ఉన్నాయి. దీనమ్మ ఏడ్చేసింది. "పద్నాలుగు మందండీ! పొద్దున్నే నా చేత్తో మొహాలు తుడిచాను."

"ఏడ్వకు సిస్టర్. నువ్వు విన్నదే రాసినవా?"

"విన్నదేనండీ... కాకపోతే ఆయన మీ వైపు వాళ్ళలాగా పొట్టిగా 'వస్త' అన్నాడు. పోయే మనిషి వస్తానని సెలవు తీసుకుంటున్నాడనుకుని, నేనే దీర్ఘం పెట్టి సరిచేశాను."

ఖాదర్ మైకు లాక్కున్నాడు. అరచెయ్యి చూస్తూ, దీర్ఘం కొట్టేసి, ఇంట్లో అన్నట్టే అన్నాడు. "సౌనవస్తకొయివికొన్వర్తియనపులైసొప్పిలస్!"

రెండు సెకన్లుండగా పచ్చ లైటు వెలిగింది. పైపుల్లో ఆక్సిజన్ ఆగకుండా బుస్సుమంది. దీనమ్మ నేలమీద కూలబడి దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

క్రిస్టీనాను పోలీసులకు అప్పగించి ఖాదర్ గుమ్మం దగ్గర ఆగాడు. "ఇగ నేను వస్త, సిస్టర్."

దీనమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఈసారి సరిచెయ్యను లెండి."