రెండు పుట్టినరోజుల పేషెంట్

"రూమ్ మూడొందల పన్నెండుకి ఎక్స్‌రే, రెండున్నరకి. రాసుకున్నావా?" అన్నాడు అనూప్, డాక్టర్ గొంతు పెట్టి.

"రీడ్ బ్యాక్ చేస్తున్నా. రూమ్ మూడు, ఒకటి, రెండు. ఎక్స్‌రే. రెండున్నర. కరెక్టేనా?" అంది రచన.

"చెవులు బాగానే ఉన్నాయిగా? మళ్లీ నాకే అప్పజెప్తావేంటి?"

"రూల్. నచ్చకపోతే బుక్ రాసినవాళ్లతో ఫైట్ చెయ్."

ప్రాక్టీస్ ఫోన్ దగ్గర ఆ గొడవతోనే వాళ్ల పరిచయం మొదలైంది. ఇద్దరూ అమెరికాలో, పిస్కాటవే ఊళ్లో ట్వెల్త్ గ్రేడ్. ఇద్దరికీ పద్దెనిమిది నిండాయి. పొద్దున స్కూల్, మధ్యాహ్నం హాస్పిటల్ మూడో అంతస్తులో, త్రీ వెస్ట్ వార్డులో యూనిట్ క్లర్క్ ట్రైనింగ్. ఫోన్ ఎత్తాలి, నర్సులకు కబురు అందించాలి, ఏ పేషెంట్ కాగితం ఆ పేషెంట్ ఫైల్లో చేర్చాలి. నేర్పేది ఉమ. ఇరవై ఏళ్లుగా ఆ డెస్క్ ఆమెదే. "డ్యూటీలో ఆంటీ అంటే ఊరుకోను" అని మొదటిరోజే చెప్పింది. పేరు పెట్టి పిలవడానికి ఇద్దరికీ నోరు రాక, 'ఉమ గారు' దగ్గర సర్దుకున్నారు.

జూన్ నుంచి శనివారాలకు ఒక క్లర్క్ కావాలి. ఉన్నది ఒక్కటే పోస్టు. కాలేజీకి వెళ్తూ ఆ ఉద్యోగం చేస్తానని రచన ఇంట్లో చెప్పేసింది. అయితే ఆమె రిపోర్టులో ఉమ ఇప్పటికి రెండుసార్లు 'స్లో' అని రాసింది. మూడోసారి రాస్తే ఆశ వదులుకోవలసిందే.

మే నెలాఖరున, ట్రైనింగ్ చివరిరోజు, ఉమ ఇద్దరికీ చెరో ఇరవై కాగితాలు ఇచ్చింది. నాలుగింటిలోగా ఫైళ్లలో చేర్చాలి. మూడూ నలభైకి రచన చేతికి ఇంకో హాస్పిటల్ నుంచి వచ్చిన ఫ్యాక్స్ తగిలింది. పేషెంట్ దక్షిణామూర్తి. పేరు కలిసింది, పుట్టిన తేదీ కలవలేదు. ఫైల్లో జులై ఒకటి, 1948. ఫ్యాక్స్‌లో నవంబర్ పది, 1949.

"ఈ ఊళ్లో ఎంతమంది దక్షిణామూర్తులుంటారు? వేసెయ్" అన్నాడు అనూప్.

"రెండూ కలవాలి."

"ఇంకా ఇరవై నిమిషాలే ఉంది, మేడమ్."

"తెలుసు."

ఇంకా ఆరు కాగితాలు మిగిలున్నాయి. రచన ఫ్యాక్స్ తీసుకెళ్లి నర్సు నమ్రతకు చూపించింది. ఇద్దరూ పేషెంట్ గదికి వెళ్లారు. రచన పుట్టిన తేదీ అడిగింది.

"ఏదమ్మా? బడిదా, అసలుదా?" అన్నాడు పెద్దాయన.

నమ్రతకు తెలుగు రాదు. ఇక్కడే పుట్టి పెరిగిన రచనకు వచ్చిన తెలుగు అక్కడ చాల్లేదు. తలుపు దగ్గర ఎవరో నవ్వారు. అనూప్. తన కాగితాలు వదిలేసి వచ్చాడు.

"బళ్లో చేర్చుకోవడానికి వయసు చాలకపోతే మాస్టారు పెంచి రాసేవారట. మా తాతయ్యకీ రెండున్నాయి, కేక్ మాత్రం దేనికీ కోయనివ్వడు" అన్నాడు. అతను విజయవాడ నుంచి వచ్చి రెండేళ్లే అయింది.

"బాగా చెప్పావు నాయనా. ఆ హాస్పిటల్లో అసలుదే చెప్పాను" అన్నాడు పెద్దాయన.

నమ్రత ఆయన కూతురికి ఫోన్ చేసి ఖాయం చేసుకుంది. తర్వాత ఫ్యాక్స్ చదివింది. పెన్సిలిన్ పడదని అందులో ఉంది. ఇక్కడి ఫైల్లో ఆ మాట లేదు. నమ్రత డాక్టర్ కోసం పరుగెత్తింది.

వాళ్లు డెస్క్ దగ్గరికి వచ్చేసరికి నాలుగూ పది. ఉమకు నమ్రత అప్పటికే సంగతి చెప్పింది.

"ఇద్దరూ పూర్తి చేయలేదు" అంది ఉమ.

"నావల్లే లేటైంది. అనూప్ తప్పు లేదు" అంది రచన.

"రేపు మళ్లీ ఇలాంటిదే వస్తే?"

"మళ్లీ ఆగుతాను."

ఉమ రిపోర్టు తెరిచి 'స్లో' అని మూడోసారి రాసింది. రచన కళ్లు దించుకుంది. ఉమ పెన్ను ఆగలేదు. 'శనివారాలు ఈమెకే ఇవ్వండి' అని కింద రాసి సంతకం పెట్టింది.

అనూప్ మంచినీళ్లు తాగొస్తానని వెళ్లాడు. రెండు నిమిషాలకు డెస్క్ ఫోన్ మోగింది.

"త్రీ వెస్ట్, రచన."

"ఒక మెసేజ్ ఉంది." డాక్టర్ గొంతు పెట్టిన అనూప్.

"ఎవరికి?"

"రచనకి. అనూప్‌కి ఆమె అంటే ఇష్టం. మొదటిరోజు నుంచీ. శనివారం ఐదింటికి లైబ్రరీ ఎదురుగా టీకి రమ్మంటున్నాడు."

రచన పెన్ను తీసుకుని రాసుకుంది.

"రీడ్ బ్యాక్ చేస్తున్నా. అనూప్‌కి రచన అంటే ఇష్టం. కరెక్టేనా?"

"కరెక్ట్" అన్నాడు. ఈసారి సొంత గొంతుతోనే.

"మొదటిరోజు నుంచీ."

"కరెక్ట్."

"శనివారం మాత్రం తప్పు. నాకు డ్యూటీ. ఆదివారం ఐదింటికి రచన వస్తుంది. ఇప్పుడు నువ్వు రీడ్ బ్యాక్ చెయ్."

అతను చేశాడు. ఒక్క మాట కూడా వదల్లేదు.