రెండు టీలు, మూడు కప్పులు

నన్ను షాపులో అందరూ పిసినారి అంటారు. అననివ్వండి. కాదని వాదించాలంటే ఓపిక కావాలి, అదీ ఖర్చే.

కళ్లజోళ్ల షాపు వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం నా పని. ముందు కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి వానరోజే తగువు పెట్టుకుంది.

"టాక్సీ పిలుస్తున్నా. చెరిసగం వేసుకుందాం, వస్తారా?"

"వాన తగ్గాక నడిచి వెళ్తానండి."

"పిల్లికి బిచ్చం పెట్టరని విన్నాను. మీకు మీరు కూడా పెట్టుకోరా?"

నవ్వింది గానీ టాక్సీ మాత్రం పిలవలేదు. వాన తగ్గేదాకా ఇద్దరం షాపు ముందు రేకు కింద నిలబడ్డాం. ఆ వానాకాలమంతా అలాగే నిలబడ్డాం. అసలే రోజంతా పని, ఆపైన కాళ్లనొప్పులు, వాటికి తోడు ప్రేమ.

ఓ సాయంత్రం వాళ్లక్క నన్ను చూడటానికొచ్చింది. అమ్మానాన్న పోయాక చెల్లెల్ని పెంచింది ఆవిడే. "అక్క ఒద్దంటే నేనా మాట దాటను, ముందే చెప్తున్నా," అంది ఆ అమ్మాయి.

పక్కనే ఉన్న కేఫ్‌లో కూర్చున్నాం. నా కళ్లు మండుతున్నాయి, బుర్ర పనిచెయ్యడం లేదు. అలవాటుకొద్దీ అనేశాను: "రెండు టీలు, మూడు కప్పులు."

అక్క మొహం మాడిపోయింది. "రేపు దీనికి అన్నం కూడా ఇలాగే పంచుతావా బాబూ?"

"మా నాన్న పెద్ద దాతండీ," అన్నాను నీరసంగా. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. ఆయన పదిమందికి విందిచ్చిన రోజు కూడా మా అమ్మ పస్తు పడుకునేది. నన్ను ఎవరూ మెచ్చుకోకపోయినా సరే, నా ఇంట్లో మనిషి పస్తుండకూడదు. ఇంతకంటే బాగా చెప్పుకోవడం నాకు రాదు."

టీలొచ్చాయి, ఆవిడ నావైపు చూడకుండా తన కప్పు దగ్గరికి లాక్కుంది. ఆ అమ్మాయి గోళ్లు కొరుక్కుంటోంది. ఇక అయిపోయింది, లేచి వెళ్లిపోదామనుకున్నా. నిజంగా భయమేసింది.

"మా ఆయన్నీ అందరూ దేవుడంటారు," అంది అక్క చివరికి. "అడిగినవాడికల్లా ఇస్తారు. ఇంట్లో బియ్యం అయిపోయాయంటే మాత్రం నామీద విసుక్కుంటారు. చెయ్యి చాచి చాచి అలిసిపోయానయ్యా."

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది. ఈ సంగతి తనకీ తెలీదని మొహం చూస్తేనే తెలిసింది.

అక్క తన కప్పు ఖాళీ చేసింది.

"మరిదిగారూ, నాకింకో టీ చెప్పండి. ఇది మాత్రం పంచకండి."

నేనింకా ఆ పిలుపు దగ్గరే ఆగిపోయాను. టీ చెప్పింది మా ఆవిడే.